మెట్ల కింద సంచుల్లో ఉన్న ప్రేమకథల గురించి: గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

గ్రంథాలయాలకు ఏ పుస్తకాలు కొనాలో, ఏవి తీసెయ్యాలో నిర్ణయించే పెద్దలందరికీ నమస్కారం. నేను కడపలో జాకెట్లు కుట్టే మనిషిని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. చదువు ఇంటర్ ఫెయిల్. చదివిన నవలలు ఎన్నో ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ముందు జరిగింది చెప్తాను. పోయిన ఎండాకాలం మా వైపు ఒక శాఖా గ్రంథాలయంలో రెండు బీరువాల నవలలు దించేశారు. వాటిల్లో ఎక్కువ భాగం ప్రేమ నవలలే. గోనెసంచుల్లో కుక్కి, మూతులు పురికొసతో కట్టి, మెట్ల కింద పెట్టారు. ఆ బీరువాల్లోకి పోటీ పరీక్షల పుస్తకాలు వచ్చాయి. వాటి మీద నాకేం కోపం లేదు, మా పిల్లోడు కూడా గ్రూప్స్‌కే చదువుతున్నాడు. కానీ అక్కడ గోడ వారన ఇంకో రెండు బీరువాలు పట్టే జాగా ఉంది. అదే అడిగితే అక్కడున్న సారు కోప్పడలేదు, నవ్వారు. "ఏముందిమ్మా వాటిల్లో? అన్నీ ఒకటే కథ. డబ్బున్నోడు, పేదింటి పిల్ల, కొట్లాట, పెళ్లి. టీవీలో వస్తానే ఉంటాయి కదా" అన్నారు.

ముప్పై ఒక్కమందిమి సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. జవాబు లేదు. రెండు నెలలు చూసి, సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇంకో కాగితం ఇచ్చాను. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోన్‌కి మెసేజీ కూడా వచ్చింది. సంచులు మాత్రం మెట్ల కిందే ఉన్నాయి. మొన్నటి వానకి ఒక సంచి అడుగు తడిసింది. ఇక నలుగురి ముందూ చెప్పుకోవడం తప్ప దారి కనపడలేదు.

1. 'అన్నీ ఒకటే కథ' అన్న మాట నిజమే. అదేమీ తప్పు కాదని చెప్పడానికే ఈ లేఖ.

నా దగ్గరికి వచ్చే ప్రతి ఆడమనిషీ ఒక ఆది జాకెట్టు తెస్తుంది. రెండు చేతులు, ముందు డాట్లు, వెనక మెడ. జాకెట్లన్నీ ఒకటే అని ఎవరైనా అంటే నేను కాదనలేను. మరి ఒకటి వేసుకుంటే ప్రాణానికి హాయిగా ఉండి, ఇంకోటి చంక దగ్గర పట్టేసి పెళ్లి భోజనంలో చెయ్యి లేవనివ్వదెందుకు? తేడా అంతా అర అంగుళంలో ఉంటుంది. ఆ అర అంగుళం కోసమే కదా, ఊళ్లో ఇంతమంది టైలర్లుండగా సందు వెతుక్కుంటూ నా దగ్గరికి వస్తారు.

ప్రేమకథల్లో మళ్లీ మళ్లీ వచ్చే వరసల్ని ఇంగ్లీషులో ట్రోపులంటారు. పడని ఇద్దరు ప్రేమలో పడటం, ముందు పెళ్లి తర్వాత ప్రేమ, విడిపోయినవాళ్లు ఏళ్ల తర్వాత కలవడం, ఉత్తుత్తి పెళ్లి నిజమవడం. తెలుగులో వీటిని మూస అంటాం, తిట్టినట్టు. నేనైతే ఆది అంటాను. చదివేవాళ్లకు చివరికేమవుతుందో మొదటి పేజీలోనే తెలుసు. ఎట్లా అవుతుందో చూడటానికి కూర్చుంటారు.

ఈ రుచి మా సీమకు కొత్తదేమీ కాదు. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం మిగతా ఊళ్లలాగా పగలు చేయరు, రాత్రి వెన్నెల్లో చేస్తారు. అక్కడ కూర్చున్న వేలమందిలో రాముడు తాళి కడతాడా కట్టడా అని టెన్షన్ పడేవాళ్లు ఒక్కరైనా ఉంటారా? అయినా తాళి ఎత్తి చూపించేటప్పటికి ఒళ్లు పులకరిస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లున్నారు. రావణుడు చస్తాడని తెలిసే తరతరాల జనం తెల్లారేదాకా ఆ బొమ్మలాట చూశారు. 'ఇది పోయినేడు ఆడిన కథే కదా' అని ఎవరూ లేచిపోలేదు. గుడిలో, గుడారంలో ముచ్చటైన సంగతి ఆడవాళ్ల చేతిలో పుస్తకంగా ఉంటే చులకనైపోతుందా?

2. ఏ వరస ఎవరికి ఎందుకు కావాలో చెప్తాను. ఇది నేను షాపులో చూసింది.

బీరువాలు ఖాళీ అయినప్పటి నుంచి జనం నా దగ్గర పుస్తకాలు తీసుకుపోతున్నారు. నా దగ్గరున్నవి అరవైకి మించవు. వాటిల్లో సగం మా అమ్మ దాచినవి. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చించి, వరసగా పేర్చి, గోనెసూదితో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. ఒకదాంట్లో పదిహేడో వారం లేదు. ఆ పేజీల్లో ఎవరో చింతపండు పొట్లం కట్టేశారట. ఆ వారంలో హీరోయిన్ ఉద్యోగం ఎందుకు మానేసిందో నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఒక్కో పాఠకురాలు ఒక్కో కారణం చెప్తుంది.

మా వీధిలో ఒక ఆపా ఉంది. భర్త కువైట్‌లో డ్రైవరు. పదకొండేళ్లయింది, రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి పోతాడు. కడప జిల్లాలో ఇట్లాంటి ఇళ్లు ఎన్నున్నాయో మీకు చెప్పనక్కర్లేదు. ఆపా ఒకే రకం నవల అడుగుతుంది: భార్యాభర్తలు దూరమై, చివర్లో కలవాలి. "ఈసారి వేరేది తీసుకుపో ఆపా" అన్నాననుకోండి, "నాకు ఆ స్టేషన్ సీను ఉండాల" అంటుంది. పుస్తకం చేతికిస్తే నిలబడే వెనక పేజీలు తిప్పి, కలిశారా లేదా చూసుకుంటుంది. కలిశారంటేనే సంచీలో పెట్టుకుంటుంది. ఒకరోజు అడిగేశాను, చివర ముందే చదివేస్తే ఇంకేముంది అని. "చివర బాగుంటాదని తెలిస్తేనే నడిమధ్య కష్టం చదవగలను. ఇంట్లో నాకు చివర తెలీదు కదా" అంది.

అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం ప్రేమ నవలకు రెండే షరతులు చెప్పింది. కథకు నడుమ ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తిగా, ఆశ కలిగించేలా ఉండాలి. ఆ రెండో షరతు ఎందుకో ఆపా మాట విన్నాకే నాకు అర్థమైంది.

పడని ఇద్దరి కథ తీసుకోండి. ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టెన్ ఇట్లాంటి కథతో 1813లో వేసిన నవల ఈరోజుకీ అమ్ముడుపోతోంది. దీన్ని ఎక్కువగా అడిగేది కొత్తగా పెళ్లైన పిల్లలు. వాళ్లకు ముఖ్యం ప్రేమకన్నా ముందొచ్చే కొట్లాట. హీరోయిన్ ఎదురు మాట్లాడుతుంది. హీరో ఆ మాటకు ఇంటికెళ్లి నిద్రపోకుండా ఆలోచిస్తాడు. తర్వాత తన తప్పు ఒప్పుకుంటాడు. అత్తగారింట్లో గట్టిగా దగ్గడానికి కూడా ఆలోచించే పిల్లకు, తన మాట ఒక మగవాడి నిద్ర చెడగొట్టిందంటే అంతకన్నా తీపి ఏముంటుంది?

ముందు పెళ్లి, తర్వాత ప్రేమ. ఇది మనకు కల్పనే కాదు, మన ఇళ్లలో జరిగేదే. సంబంధం కుదుర్చుకుని, తెలియని మనిషితో ఇల్లు మొదలుపెట్టిన ఆడది ఎన్నేళ్లైనా ఒక ప్రశ్న మనసులో పెట్టుకునే ఉంటుంది: ఈ మనిషి నన్ను ఎప్పుడు గమనించాడు? నవల ఆ రోజును చూపిస్తుంది. ఆమె కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటుందో అతనికి తెలుసని బయటపడే పేజీ ఒకటి ఉంటుంది. మా వదిన ఆ పేజీ మూల మడిచి పెట్టుకుంటుంది. పుస్తకం నాది, మడతలు ఆమెవి.

ఇక వాన. ఇద్దరూ వానకు ఒకే చూరు కింద చిక్కుకోవడం, బస్సు చెడిపోయి ఊరు కాని ఊళ్లో రాత్రి ఉండిపోవడం. దీన్ని చూసి చదువుకున్నవాళ్లు బాగా నవ్వుతారు. మన ఊళ్లలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి పది నిమిషాలు విడిగా మాట్లాడుకునే జాగా ఎక్కడుందో చెప్పండి, రచయిత్రి వానను పిలవడం మానేస్తుంది. కాకపోతే ఈ వరస కోస్తావాళ్లకే బాగా నప్పుతుంది. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే అనంతపురంలో అంత వాన వస్తే హీరో హీరోయిన్ని చూరు కిందే వదిలేసి చెరువు నిండిందా చూడటానికి పరిగెత్తుతాడు.

డబ్బున్నోడు, పేదింటి పిల్ల వరస గురించి ఎక్కువ చెప్పను. అది డబ్బు మీద ఆశ అనుకుంటారు గానీ, నేను చూసినంతలో దాన్ని మెచ్చేవాళ్లకు బంగళా గుర్తుండదు. అంతమందిలో ఆయన ఆమెనే చూశాడన్నది గుర్తుంటుంది.

3. ఇవి మనవి కావు, బయటి నుంచి వచ్చినవి అనే మాట కూడా విన్నాను.

దేవుని కడపలో ఉగాది నాడు ముస్లిం ఇళ్లవాళ్లు వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చి టెంకాయ కొడతారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. సుల్తాను కూతురు మన దేవుణ్ణి ప్రేమించిన కథ అది. మతాలు వేరైన ఇద్దరి ప్రేమ అన్న వరస మా ఊరికి మీ బీరువా నుంచి రాలేదు. నంద్యాల కృష్ణరాజుకు 16వ శతాబ్దంలో పింగళి సూరన అంకితమిచ్చిన కళాపూర్ణోదయంలో ఒకరి రూపంలో ఇంకొకరు ప్రేమించడం, నిజమేదో తెలీక తికమకపడటం ఉన్నాయి. అది ప్రబంధం కాబట్టి కాలేజీలో పాఠం. అదే చిక్కుముడి నవలలో వస్తే టైంపాస్.

సినిమా సంగతీ అంతే. 1971లో 'ప్రేమనగర్', 1973లో 'మీనా', 1976లో 'సెక్రటరీ' సినిమాలు మీరో మీ నాన్నగారో చూసే ఉంటారు. కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి గార్ల నవలల నుంచి తీసినవే అవి.

4. బీరువాలు ఖాళీ అయ్యాక మామూలు జనానికి ఏం నష్టం జరిగిందో చూడండి.

ఆడవాళ్లు గ్రంథాలయానికి రావడం మానేశారు. ఇది ఒక్కరోజులో కనపడదు. మొదట నవల కోసం వచ్చే అమ్మ ఆగింది. ఆమె వెంట వచ్చి బొమ్మల పుస్తకాలు తిప్పే పిల్ల ఆగింది. ఇప్పుడు అక్కడికి పోతే పేపర్లు చదివే పెద్దాయన్లు, పరీక్షలకు చదివే కుర్రోళ్లు తప్ప ఒక్క చీర కొంగు కనపడదు. ఒక్కదాన్నే లోపలికి పోవడానికి నాకే మొహమాటంగా ఉంది.

చదవడం కూడా మర్చిపోతున్నారు. మా అమ్మది అయిదో తరగతి. కూడబలుక్కుని చదివే మనిషి సీరియల్ కోసం వేగం నేర్చుకుంది. కథ ముందే తెలిసినట్టుంటే రాని మాటకు భయపడనక్కర్లేదు, వాక్యం దానంతటదే అర్థమవుతుంది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకు ఇంతకంటే మంచి వాచకం నాకు తెలీదు.

పుస్తకం దొరకనివాళ్లు ఫోన్‌లోకి పోయారు. అక్కడ యాప్‌లో కథ సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆగుతుంది, తర్వాతి భాగానికి కాయిన్లు కొనాలి. నా దగ్గర పీకో పని చేసే అమ్మాయి ఒక్క నెలలో మూడు వందల నలభై రూపాయలు అట్లా పెట్టింది. కథ ఇంకా అవ్వలేదు.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం టైము. అమెరికాలో జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు ప్రేమ నవలలు చదివే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి 1984లో ఒక పుస్తకం వేశారు. చదువుతున్నంతసేపూ ఇంటి పనికి, మొగుడికి, పిల్లలకు దూరంగా అది తమ సొంత టైము అని వాళ్లు ఆమెకు చెప్పారట. కడపలో అయినా ఇంతే. టీవీ ముందు కూర్చున్న ఆడదాన్ని ఎవరైనా లేపి నీళ్లు అడుగుతారు. పుస్తకం పట్టుకున్నదాన్ని పిలవడానికి కాస్త జంకుతారు. టీవీలో వస్తున్నాయి కదా అన్న సారుకు నా జవాబు ఇదే.

5. అన్నీ మంచివే అనడం లేదు. కొన్ని సంచిలోనే ఉండాలి.

చెంపదెబ్బ కొట్టాక ప్రేమ పుట్టే నవలలున్నాయి. వద్దన్న పిల్ల వెంట ఆరు నెలలు పడి, ఆఖరికి ఒప్పించినవాణ్ణి హీరోని చేసినవి ఉన్నాయి. బలవంతం చేసినవాడితోనే పెళ్లి చేసి 'శుభం' రాసినవీ ఉన్నాయి. పాతవాటిల్లో ఇది ఎక్కువ, ఇప్పటి యాప్‌ల్లోనూ తక్కువేం కాదు. మనుచరిత్రలో గంధర్వుడు ప్రవరుడి వేషం వేసుకుని వరూధినిని మోసం చేస్తాడు. పెద్దన పద్యాలకు దండం పెడతాను గానీ, ఆ కథే ఇప్పుడు ఎవరైనా ప్రేమకథ అని రాస్తే ఆపాకి మాత్రం ఇవ్వను.

నేను ఇచ్చేటప్పుడు చెప్పి ఇస్తాను. "ఇందులో వీడు కొడతాడు, తర్వాత బుద్ధి తెచ్చుకుంటాడు", "ఇందులో వాడికి బుద్ధి రాదు, ఆ పిల్లే సర్దుకుంటుంది, చదివి తిట్టుకో" అని. పోట్లాడుకుని ప్రేమించుకోవడానికీ, వేధించి లొంగదీసుకోవడానికీ మధ్య గీత ఎక్కడుందో పది నవలలు చదివిన ఆడపిల్లకు ఇట్టే తెలుస్తుంది. అసలు చదవని పెద్దలకు రెండూ ఒకటే కథలా కనిపిస్తాయి. అందుకే వరసలు తెలిసినవాళ్లు ఎంపిక చేయాలి అంటున్నాను. తెలీనివాళ్లు చేస్తే అన్నీ పెడతారు, లేదంటే అన్నీ తీసేస్తారు. మాకు రెండోది జరిగింది.

ఇక నేను అడిగేవి.

6. మెట్ల కింద సంచులు ఈ వానల్లోపు విప్పించండి. తడిసినవి ఎండబెట్టాలి, చెదలు పట్టినవి వేరు చేయాలి. కుట్టు ఊడినవి నాకివ్వండి, డబ్బు తీసుకోకుండా కుట్టిస్తాను. గోనెసూది మా అమ్మదే ఉంది.

7. తీసెయ్యాలనుకున్న పుస్తకాల పట్టిక నెల ముందు నోటీసు బోర్డులో పెట్టండి. కావాలన్న పాఠకులుంటే ఉంచండి.

8. ఎంపికలో పాఠకురాళ్లను ఇద్దరినైనా కూర్చోబెట్టండి. పెద్ద చదువులు అక్కర్లేదు, నవలలు చదివి ఉంటే చాలు.

9. బీరువాలో ఒక అర ఖాళీ చేసి వరసలవారీగా చీటీలు అంటించండి: 'పెళ్లయ్యాక ప్రేమ', 'పడని ఇద్దరు', 'మళ్లీ కలిసినవాళ్లు'. ఎవరికి ఏది కావాలో నిమిషంలో దొరుకుతుంది. పాఠకుడి టైము కాపాడమని, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉండాలని రంగనాథన్ గారు 1931లోనే గ్రంథాలయ సూత్రాల్లో రాశారు. పరీక్షల బీరువాలోనే ఆ పుస్తకం ఉంది, మా పిల్లోడే చూపించాడు.

10. ఆడవాళ్లు ఇంటి పని ముగించుకుని వచ్చేది మధ్యాహ్నం రెండు తర్వాతే. వారంలో రెండు రోజులైనా ఆ టైములో తలుపు తీసి ఉంచండి.

ఇవి దానం అడిగినట్టు అడగడం లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. మా ఇంటిపన్ను 1,850 రూపాయలు. అంటే ఏడాదికి 148 రూపాయలు నేను కడుతున్నాను, పోటీ పరీక్ష రాయకుండానే. ఆంధ్రలో గ్రంథాలయ ఉద్యమాన్ని నడిపినవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మన కర్నూలులో పుట్టిన మనిషి. ఆయన పటం ఆ గదిలోనే గోడకు ఉంది, ఖాళీ చేసిన బీరువాలకు ఎదురుగా.

మీలో ఎవరైనా వచ్చి మాట్లాడతానంటే నా షాపు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా తీసే ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు మాత్రం షట్టరు సగం దించి ఉంటుంది. అప్పుడు వస్తే కాసేపు బయట కూర్చోండి, స్టూలు వేసి ఉంటుంది. ఇప్పుడు చదువుతున్న దాంట్లో వాళ్లిద్దరికీ ఇంకా మాటలు లేవు.

ఇట్లు,
ఒక టైలరు, ముప్పై మంది పాఠకురాళ్ల తరపున,
కడప